తెలిసిన లెక్క, తెలియని భాష: అల్గారిథం అభ్యాసాలతో కొత్త ప్రోగ్రామింగ్ భాష పట్టుబడే తీరు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో చాలామందికి మొదటి ప్రోగ్రామింగ్ భాష సీ. ఆ తర్వాత జావానో పైథానో వస్తుంది. ఉద్యోగానికి వెళ్లాక అక్కడివాళ్లు గో రాయమంటారు, రస్ట్ రాయమంటారు. ప్రతిసారీ మళ్లీ ‘వేరియబుల్ అంటే ఏమిటి’ దగ్గర్నుంచి వీడియోలు చూస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి, చెయ్యి మాత్రం తిరగదు. అంతకంటే దగ్గరి దారి ఒకటుంది. అల్గారిథం (ఒక పనిని అంచెలంచెలుగా చేసే పద్ధతి) పాఠ్యపుస్తకం తీసి, అందులోని అభ్యాసాలను కొత్త భాషలో చేసుకుంటూ పోవడం.

ఈ దారిలో చాలామంది మధ్యలో ఆగిపోతారు. కారణం ఎక్కువగా ఒకటే. తెలియని అల్గారిథంను తెలియని భాషలో రాయబోతారు. జవాబు తప్పు వస్తే తప్పు ఆలోచనలో ఉందో, భాషలో ఉందో తేలదు. కాబట్టి అభ్యాసం పాతదై ఉండాలి. ఇదివరకే కాగితం మీద చేసినదో, సీలో రాసి నడిపినదో ఎంచుకోవాలి. లెక్క మీద అనుమానం లేనప్పుడు వచ్చే ప్రతి ఎర్రరూ భాష నేర్పే పాఠమే అవుతుంది.

పాత లెక్కే అయితే కొత్తగా నేర్చుకునేది ఏముంటుందంటే, సూడోకోడ్ (ఏ భాషకూ చెందకుండా పుస్తకంలో రాసే అంచెలు) చెప్పకుండా వదిలేసినదంతా ఉంటుంది. పుస్తకంలోని పూర్ణాంకానికి హద్దు లేదు. అర్రే (విలువలను వరసగా పెట్టే గడులు) చాలా పుస్తకాల్లో 1 నుంచి మొదలవుతుంది. అర్రేను ఫంక్షన్‌కు ఇస్తే నకలు వెళ్తుందా, అసలే వెళ్తుందా అన్న ప్రశ్న రాదు. లిస్టులోంచి తీసేసిన నోడ్‌ను (విలువా, తర్వాతిదాని చిరునామా ఉన్న ముక్కను) ఎవరు శుభ్రం చేస్తారో రాయరు. వీటన్నిటికీ ప్రతి భాషా తనదైన జవాబు చెబుతుంది. భాషల మధ్య అసలు తేడాలు ఆ జవాబుల్లోనే ఉన్నాయి.

ఇన్సర్షన్ సార్ట్‌తో మొదలుపెడదాం

లెక్కకు మన తీరంలో దొరికే సరుకే తీసుకుందాం. రొయ్యలను కౌంటు మీద కొంటారు. కిలోకు ముప్పై తూగితే 30 కౌంటు, వంద తూగితే 100 కౌంటు. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చెరువుల నుంచి వచ్చిన లాట్లను కౌంటు ప్రకారం పేర్చడం మన పని.

ఇన్సర్షన్ సార్ట్‌లో ఒక విలువను చేతిలో పట్టుకుని, ఎడమవైపు ఉన్న పెద్దవాటిని ఒక్కో గడి కుడికి జరుపుతూ వెళ్తాం. పోల్చే గడి సంఖ్యను జె అందాం. లోపలి లూప్‌కు రెండు షరతులు: జె సున్నా కంటే తగ్గకూడదు, జె గడిలోని విలువ చేతిలోదానికంటే పెద్దదై ఉండాలి. ఈ రెంటినీ తిరగేసి రాశారనుకుందాం, విలువ పోల్చడం ముందు, హద్దు చూడటం తర్వాత. జె −1కి చేరినప్పుడు లేని గడిని చదవాల్సి వస్తుంది. సీలో అది నిర్వచనం లేని ప్రవర్తన. పక్కనున్న మెమరీలో ఏది ఉంటే అది చదవొచ్చు, ఒకరోజు నడిచి మరోరోజు పడిపోవచ్చు. జావా అక్కడే ఎక్సెప్షన్ విసిరి ఆగిపోతుంది. పైథాన్‌లో −1వ గడి అంటే చివరి గడి. దాన్ని చదువుతుంది, తర్వాత హద్దు షరతు తప్పుతుంది, లూప్ ఆగుతుంది. జవాబు సరిగ్గానే వస్తుంది! కోడ్ తప్పు, జవాబు ఒప్పు. ఇలాంటి కోడ్‌ను ఏడాది తర్వాత జావాలోకి మారిస్తే అప్పుడు బయటపడుతుంది.

ఇదే లూప్‌ను రస్ట్‌లో రాయండి. అక్కడ అర్రే ఇండెక్స్‌కు రుణ సంఖ్య ఉండదు. ‘జె సున్నా కంటే ఎక్కువ లేదా సమానం’ అని రాస్తే, ఈ పోలిక ఎప్పుడూ నిజమే కనుక దండగ అని కంపైలర్ హెచ్చరిస్తుంది. హెచ్చరికను పట్టించుకోకుండా నడిపితే, సున్నాలోంచి ఒకటి తీసేసే చోట డీబగ్ బిల్డ్ (తప్పులు వెతికేటప్పుడు నడిపే ప్రోగ్రాం) ఆగిపోతుంది. దీనికి మందు జె అర్థాన్నే మార్చడం. జె అంటే ‘పోల్చే గడి’ అనుకోవడం మాని, ‘ఖాళీ అయిన గడి’ అనుకోండి. అప్పుడు షరతు ‘జె సున్నా కంటే పెద్దది, జె−1 గడిలోని విలువ చేతిలోదానికంటే పెద్దది’ అవుతుంది. రుణ సంఖ్య అవసరమే రాదు. ఇలా రాసింది సీలోనూ, జావాలోనూ, పైథాన్‌లోనూ కూడా శుభ్రంగా ఉంటుంది. అందుకే ఒక్క ఇన్సర్షన్ సార్ట్‌కు సాయంత్రమంతా పట్టినా నష్టమేమీ లేదు.

మెర్జ్ సార్ట్: నకలా, అసలా?

రెండో అభ్యాసంగా మెర్జ్ సార్ట్ (అర్రేను రెండు సగాలు చేసి, విడివిడిగా పేర్చి, మళ్లీ కలపడం) కంటే మంచిది లేదు. అర్రేను స్లైస్ చేసినప్పుడు, అంటే అందులో ఒక ముక్క తీసుకున్నప్పుడు, ఆ భాష ఏం చేస్తుందో ఇది బయటపెడుతుంది.

నాలుగు లాట్లు: 40, 60, 30, 50. ఎడమ సగం 40, 60. కుడి సగం 30, 50. రెండూ విడివిడిగా వరసలోనే ఉన్నాయి, కలపాలి. పైథాన్‌లో లిస్టును స్లైస్ చేసి ఎడమ, కుడి అని రెండు పేర్లు పెట్టుకుని, ఫలితాన్ని అసలు లిస్టులోనే రాస్తూ పోవచ్చు. స్లైస్ కొత్త నకలు కాబట్టి 30, 40, 50, 60 వస్తుంది.

అవే లైన్లను గోలో రాయండి. గోలో స్లైస్ నకలు కాదు, అదే అర్రేకు పెట్టిన కిటికీ. 40ని 30తో పోల్చి, చిన్నదైన 30ని మొదటి గడిలో రాస్తాం. ఆ గడి ఎడమ సగానిది కూడా. అంటే ఎడమ సగంలోని 40 చెరిగిపోయి 30 అయ్యింది. తర్వాత ఆ 30ని 50తో పోలుస్తాం, రెండో గడిలోనూ 30 పడుతుంది, 60 పోతుంది. మూడో గడిలోనూ 30 పడుతుంది. చివర 50. మొత్తం 30, 30, 30, 50.

ఇక్కడ గమనించాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఫలితం వరసలోనే ఉంది! ‘ప్రతి విలువా తన ముందుదానికంటే తగ్గకుండా ఉందా’ అని మాత్రమే పరీక్షిస్తే ఈ తప్పు కోడ్ పాసైపోతుంది. కూడిక చూస్తేనే దొంగ దొరుకుతాడు. మొదట్లో మొత్తం 180, ఇప్పుడు 140. సార్టింగ్‌కు పరీక్ష రాసేటప్పుడు వరసతోపాటు, వచ్చినవి పాతవేనా, ఒక్కోటి ఎన్నిసార్లు ఉందో అన్నిసార్లే ఉందా అన్నది కూడా చూడాలి. గోలో దిద్దుబాటు తేలికే. ఒక సహాయక అర్రేను విడిగా తీసుకుని, రెండు సగాలను దాంట్లోకి కాపీ చేసి, అక్కడి నుంచి చదువుతూ అసలులో రాయాలి. పైథాన్ వాడేవాళ్లకు కూడా ఒక జాగ్రత్త: మామూలు లిస్టు స్లైస్ నకలు ఇస్తుంది, నంపై (అంకెల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) అర్రే స్లైస్ మాత్రం గోలాగే అసలును చూపిస్తుంది.

లాట్లకు కౌంటుతోపాటు వచ్చిన వేళ కూడా పెడితే ఇదే అభ్యాసం మరో విషయం నేర్పుతుంది. ఒకే కౌంటు ఉన్న రెండు లాట్లలో ముందొచ్చింది ముందే ఉండాలి. ఈ గుణమే స్థిరత్వం. మీరు రాసిన మెర్జ్‌లో సమానమైనప్పుడు ఎడమదాన్ని తీసుకుంటే స్థిరం, కుడిదాన్ని తీసుకుంటే కాదు. భాషతో వచ్చే సార్ట్‌ల సంగతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పైథాన్ సార్ట్ స్థిరం. జావాలో ఆబ్జెక్టుల సార్ట్ స్థిరం. రస్ట్‌లో మామూలు సార్ట్ స్థిరం, అస్థిరమైనది కావాలంటే వేరే పేరుతో ఉంది. గోలో సార్ట్ ప్యాకేజీలోని స్లైస్ ఫంక్షన్‌కు ఆ హామీ లేదు, స్థిరంగా కావాలంటే స్లైస్‌స్టేబుల్ అడగాలి. సీలోని క్యూసార్ట్‌కూ హామీ లేదు.

అంకెలు పట్టే చోటు, పట్టని చోటు

ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ చిన్నపిల్లల లెక్కలని వదిలేయకండి. కొత్త భాషలో పూర్ణాంకం ఎంతవరకు పడుతుందో చూడటానికి వీటిని మించినవి లేవు. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే పెద్ద విలువ 2147483647. 12 ఫ్యాక్టోరియల్ అందులో పడుతుంది, 13 పట్టదు. ఫిబొనాచీలో 46వ సంఖ్య పడుతుంది, 47వది పట్టదు. 64 బిట్లకు వెళ్తే ఫ్యాక్టోరియల్ 20 దగ్గర, ఫిబొనాచీ 92 దగ్గర ఆగుతాయి. పైథాన్‌లో ఈ గోడే లేదు. జావా చడీచప్పుడు లేకుండా విలువను చుట్టేసి తప్పు సంఖ్య చూపిస్తుంది, ఒక్కోసారి అది రుణ సంఖ్య కూడా అవుతుంది. రస్ట్ డీబగ్ బిల్డ్‌లో ఆగిపోతుంది, వాడకానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో డిఫాల్టుగా చుట్టేస్తుంది.

వరసలో ఉన్న అర్రేను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో ఇదే గోడ దాక్కుని ఉంటుంది. మధ్య గడి కోసం కింది హద్దును, పై హద్దును కూడి రెండుతో భాగిస్తాం. అర్రే సుమారు 107 కోట్ల గడులు దాటినప్పుడు ఆ కూడికే 32 బిట్లు దాటుతుంది. జావా సొంత లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండి 2006లో అందరికీ తెలిసింది. కింది హద్దుకు, తేడాలో సగాన్ని కలిపితే సరిపోతుంది. రస్ట్‌లో రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది: మధ్య గడి 0 అయినప్పుడు పై హద్దును ‘మధ్య మైనస్ 1’ చేస్తే మళ్లీ రుణ సంఖ్య. పై హద్దును వెతికే భాగంలో చేర్చకుండా, దానికి ఒక గడి అవతల పెట్టుకుంటే ఆ తీసివేత అవసరం రాదు.

జావాకు మాత్రమే చెందిన ఒక ముచ్చట కూడా మన రొయ్యల లెక్కలోనే బయటపడుతుంది. కౌంట్లను అర్రేలిస్టులో పెట్టి, రెండు లాట్ల కౌంటు ఒకటేనా అని రెండు సమాన గుర్తులతో పోల్చారనుకోండి. 30, 60, 100 కౌంట్లకు సరిగ్గా పనిచేస్తుంది. 150 కౌంటు రెండు లాట్లు వస్తే ‘సమానం కాదు’ అంటుంది. లిస్టులో ఉన్నవి అంకెలు కావు, ఇంటిజర్ ఆబ్జెక్టులు. −128 నుంచి 127 వరకు ఉన్నవాటిని జావా ముందే తయారుచేసి పెట్టుకుని అవే తిరిగి ఇస్తుంది, ఆ పైవాటికి మామూలుగా ఎప్పటికప్పుడు కొత్త ఆబ్జెక్టు. ఈక్వల్స్‌తో పోల్చాలి. పరీక్షకు ఎప్పుడూ చిన్న అంకెలే ఇచ్చేవాళ్లకు ఇది ఎన్నటికీ కనపడదు.

హీప్: సీలో ఒప్పు, పైథాన్‌లో తప్పు

పుస్తకంలో హీప్ (చిన్నదో పెద్దదో ఎప్పుడూ పైన ఉండేలా అర్రేలో పేర్చిన చెట్టు) 1 నుంచి మొదలైతే ఐ గడికి పిల్లలు 2ఐ, 2ఐ+1 గడుల్లో ఉంటారు. మన భాషలు 0 నుంచి మొదలవుతాయి కాబట్టి పిల్లలు 2ఐ+1, 2ఐ+2. తల్లి గడి కోసం ఐలోంచి 1 తీసి రెండుతో భాగించాలి. ఇంతవరకు అందరూ సరిగ్గానే చేస్తారు.

అసలు గుంట వేరు (రూట్, అంటే అన్నిటికంటే పైనున్న మొదటి గడి) దగ్గర ఉంది. చిన్నది పైన ఉండే హీప్‌లో కొత్త విలువను చివర పెట్టి, తల్లికంటే చిన్నదైనంతసేపు పైకి మార్చుకుంటూ పోతాం. వేరు దగ్గరికి చేరాక తల్లి ఎవరు? −1ని రెండుతో భాగించాలి. సీ, జావా, గో సున్నా వైపు కుదిస్తాయి, జవాబు 0. అంటే వేరుకు తానే తల్లి. తనను తనతో పోల్చుకుంటుంది, చిన్నది కాదు, లూప్ ఆగుతుంది. హద్దు షరతు మరిచిపోయినా కోడ్ నడుస్తుంది. పైథాన్‌లో పూర్ణాంక భాగహారం కిందికి కుదిస్తుంది, జవాబు −1. −1వ గడి అంటే చివరి గడి. వేరు దానికంటే చిన్నది కాబట్టి ఆ రెండూ చోటు మార్చుకుంటాయి. అతి చిన్న విలువ పోయి హీప్ అడుగున పడుతుంది. సీలో ఏళ్లుగా నడిచిన లైన్లు, అక్షరం మార్చకుండా పైథాన్‌లోకి తెస్తే హీప్‌ను చెడగొడతాయి. శేషం సంగతీ ఇంతే: −7ను 3తో భాగిస్తే శేషం సీలో −1, పైథాన్‌లో 2. హ్యాష్ టేబుల్ (విలువ నుంచే గడి సంఖ్యను లెక్కించి దాచే పట్టిక) అభ్యాసంలో ఇది తగులుతుంది.

గ్రాఫ్‌కు మన ఊళ్లు

గ్రాఫ్ (చుక్కలు, వాటిని కలిపే దారులు) అభ్యాసాల్లో శీర్షాలకు, అంటే ఆ చుక్కలకు, ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టుకోవడం కంటే నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, మార్కాపురం, ఉదయగిరి, ఆత్మకూరు అని పెట్టుకోండి. దూరాలు మ్యాప్ చూసి మీరే వేసుకోండి. తప్పు దారి వస్తే కంటికి వెంటనే తెలుస్తుంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు ఉదయగిరి మీదుగా పొమ్మంటే ప్రోగ్రాంలో ఏదో పొరపాటు ఉన్నట్టే కదా.

అతి తక్కువ దూరం వెతికే డైక్‌స్ట్రా అల్గారిథంలో ప్రాధాన్య క్యూ (అతి చిన్నదాన్నో అతి పెద్దదాన్నో ముందిచ్చే క్యూ) కావాలి. పుస్తకం ‘క్యూలో ఉన్నదాని దూరం తగ్గించు’ అంటుంది. పైథాన్ హీప్‌క్యూలో గానీ, జావా ప్రయారిటీక్యూలో గానీ ఆ పని నేరుగా లేదు. కొత్త దూరంతో మళ్లీ ఒకసారి వెయ్యాలి, బయటికి వచ్చినప్పుడు పాతదైతే పక్కన పడెయ్యాలి. ఇంకో తికమక: ఈ రెండు క్యూలూ చిన్నదాన్ని ముందిస్తాయి. సీప్లస్‌ప్లస్, రస్ట్ క్యూలు పెద్దదాన్ని ముందిస్తాయి. తిరగేయడం మరిచిపోతే దూరపు ఊరే ముందొస్తుంది. పైథాన్‌లో దూరంతోపాటు డిక్షనరీని జతచేసి హీప్‌లో వేస్తే, రెండు దూరాలు సమానమైన రోజే టైప్ ఎర్రర్ వస్తుంది. దూరాలు సమానమైతే తర్వాతి వాటిని పోలుస్తుంది, రెండు డిక్షనరీల్లో ఏది చిన్నదో దానికి తెలియదు. మధ్యలో వరస సంఖ్య ఒకటి పెడితే సరి.

గ్రాఫ్‌లో లోతు వెంట పోయే డీఎఫ్ఎస్‌ను రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా) రాస్తే పైథాన్ డిఫాల్టుగా 1000 లోతు దగ్గర ఆపేస్తుంది. అప్పుడు సొంత స్టాక్‌తో రాయడం నేర్చుకోండి. హద్దు పెంచుకోవడం తాత్కాలికమే. దగ్గరివాటిని ముందు చూస్తూ పోయే బీఎఫ్ఎస్‌కు లిస్టు ముందు నుంచి తీయకండి. ప్రతిసారీ మిగిలినవన్నీ జరగాలి. డెక్ (రెండు చివరలా తీయగల క్యూ) వాడండి.

లింక్డ్ లిస్ట్ గురించి ఒక్క మాట. సీలో నోడ్‌ను విడిచేముందు దాని తర్వాతి చిరునామా తీసిపెట్టుకోవాలి. జావా, గో, పైథాన్ ఆ బాధ్యత తామే తీసుకుంటాయి. రస్ట్‌లో మాత్రం ప్రతి విలువకూ ఒక్కరే యజమాని, రెండువైపులా గొలుసున్న లిస్టులో ఒక్కో నోడ్‌ను ఇద్దరు పట్టుకుంటారు. అందుకే పుస్తకంలో మొదట్లోనే ఉన్నా, రస్ట్‌లో దాన్ని మొదటివారం ముట్టుకోవద్దు. ఒకవైపు లిస్టుతో స్టాక్ రాయండి. తప్పదనుకుంటే నోడ్లన్నీ ఒక వెక్టర్‌లో పెట్టి, పాయింటర్లకు బదులు గడి సంఖ్యలు వాడండి.

వికటకవి పరీక్ష

స్ట్రింగ్ అభ్యాసాలను తెలుగు మాటలతో చేయమని గట్టిగా చెప్తాం. ముందు నుంచి, వెనక నుంచి ఒకేలా చదవగలమో లేదో చూసే లెక్కకు ‘వికటకవి’ ఇవ్వండి. చిన్నపిల్లాడు కూడా ఒకటే అంటాడు. ప్రోగ్రాం కాదంటుంది. మనకు ఇందులో అక్షరాలు ఐదు. యూనికోడ్‌లో వ, గుడి, క, ట, క, వ, గుడి అని ఏడు సంకేతాలు. తిరగేస్తే గుడి ముందొచ్చి, దానికి పట్టుకోవడానికి హల్లు లేకుండా పోతుంది. పైథాన్‌ను పొడవడిగితే 7 అంటుంది, గో, రస్ట్ 21 అంటాయి. తెలుగు సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, ఆ రెండూ బైట్లు లెక్కిస్తాయి. ‘నెల్లూరు’ మనకు మూడు అక్షరాలు, పైథాన్‌కు 8, గోకు 24. హల్లుతో దాని గుణింతపు గుర్తును, పొల్లు వెనకాల వచ్చే హల్లును కలిపి ఒక ముక్కగా విడదీసే ఫంక్షన్ రాసుకుంటే వికటకవి పాసవుతుంది. ఊళ్ల పేర్లను వరసపెట్టినా ఇలాంటిదే ఒకటి ఎదురవుతుంది. యూనికోడ్‌లో ళ వెంటనే ల తర్వాత ఉంది, బడిలో నేర్చుకున్న వర్ణమాలలో హ తర్వాత వస్తుంది.

రోజూ ఎలా చేయాలి

మొదటి రోజు భాషను దించుకుని ఐదు పనులు మాత్రం చేతనైతే చాలు: అచ్చువేయడం, ఇన్‌పుట్ చదవడం, లూప్, ఫంక్షన్, ఒక పరీక్ష నడపడం. రెండో రోజు నుంచే అభ్యాసాలు. ‘నిరూపించండి’ అన్నవి వదిలేసి, ‘రాయండి’, ‘మార్చండి’ అన్నవి తీసుకోండి. సూడోకోడ్‌ను నోట్‌బుక్‌లో చేత్తో రాసి పుస్తకం మూసేయండి. పాత సీ కోడ్ తెరవద్దు. ఎడిటర్‌లో లైన్లకు లైన్లు తనంతట తానే పూర్తిచేసే సాయాన్ని అభ్యాసం చేసినంతసేపు ఆపేయండి. అది రాసిపెట్టిన లైన్‌లో మీకు తగలాల్సిన దెబ్బ తగలదు.

పరీక్షకు ఖాళీ అర్రే, ఒక్క విలువ, రెండు విలువలు, అన్నీ సమానం, తిరగేసిన వరస, రుణ సంఖ్యలు తప్పనిసరి. ఆ తర్వాత యాదృచ్ఛికంగా వెయ్యి చిన్న అర్రేలు పుట్టించి, మీ జవాబునూ భాష లైబ్రరీ జవాబునూ పోల్చండి. అర్రేలు ఐదారు విలువలు మించకపోవడమే మంచిది. తప్పు దొరికినప్పుడు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. కంపైలర్ ఇరవై ఎర్రర్లు చూపిస్తే మొదటిదాన్నే పూర్తిగా చదవండి, మిగతావి చాలావరకు దాని పిల్లలే.

నడిచాక పని సగమే అయ్యింది. సీ వచ్చినవాళ్లు పైథాన్ రాస్తే అందులో సీ యాస ఉంటుంది, మన నెల్లూరు యాస ఎక్కడికెళ్లినా వినపడినట్టే. మాట్లాడే మాటకు యాస అందం. కోడ్‌కు మాత్రం చదివేవాళ్ల యాసే కావాలి. ప్రతి లూప్‌కూ ఇండెక్స్ పెట్టి తిప్పడం, రెండు విలువలు మార్చుకోవడానికి మూడో పాత్ర తేవడం అలాంటివే. అందుకే ప్రతి అభ్యాసాన్నీ రెండోసారి రాయండి. ఈసారి ఆ భాష లైబ్రరీలో అదే పనికి ఉన్నదాన్ని వెతికి, అది రాసిన తీరు చూసి రాయండి. గో, రస్ట్, జావా లైబ్రరీల మూలం అందరికీ తెరిచే ఉంటుంది. వేగం కూడా కొలవండి. పదివేల విలువల ఇన్సర్షన్ సార్ట్‌లో సగటున రెండున్నర కోట్ల జరుపుళ్లు ఉంటాయి. పైథాన్‌లో కొన్ని సెకన్లు కూర్చోవాలి, భాష సొంత సార్ట్‌కు రెప్పపాటు చాలు. నోట్‌బుక్‌లో అభ్యాసానికి ఒక్క లైన్ రాసి పెట్టుకోండి, ‘గో స్లైస్ నకలు కాదు’ అన్నంత పొట్టిగా.

పన్నెండు, పదిహేను అభ్యాసాలయ్యాక పుస్తకం నుంచి వచ్చేది తగ్గిపోతుంది. ఫైళ్లు, ప్యాకేజీలు, నెట్‌వర్క్, చెడ్డ ఇన్‌పుట్ ఈ పుస్తకాల్లో ఉండవు. అప్పుడు మీరు రాసిన మెర్జ్ సార్ట్‌నే తీసుకుని, లాట్లను ఒక ఫైలు నుంచి చదివించండి. ఒక లైన్‌లో కౌంటు లేకుండా, ఒకదాంట్లో 30కి బదులు ‘ముప్పై’ అని, ఒకటి మధ్యలో ఖాళీగా పెట్టండి. గో విఫలం కాగల ప్రతి పిలుపుకూ ఎర్రర్‌ను విడిగా చేతికిస్తుంది, పైథాన్, జావా ఎక్సెప్షన్ విసురుతాయి, రస్ట్ ఫలితాన్ని విప్పితేగానీ విలువ ఇవ్వదు. చెడ్డ లైన్ నంబరు చెప్పి, మిగతావాటిని పేర్చి మరో ఫైల్లో రాసేదాకా పట్టువదలకండి. అక్కడి నుంచి ఆ భాష డాక్యుమెంటేషనే మీకు పాఠ్యపుస్తకం.